పదహారో రంగు

“మొత్తానికి అంతా బాగానే ఉంది” అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట అన్నవాడు మొత్తాన్నే చూశాడు, లోపల ఎవరికి ఎంత అందిందో చూడలేదు. ఇంట్లో పది మందికి వండిన అన్నం పది మందికీ సరిపోయిందని చెప్పే మగాడి మాటలా ఉంటుందది. ఆఖర్న కూర్చున్న ఆడమనిషిని అడిగితే గదా తెలిసేది. ఇంత ఎగురుతున్నానని నన్నేదో ధర్మరాజు అనుకోకండి. ఏడెనిమిది నెలలపాటు రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి ఫోన్లో ఆ మాట చెప్పినవాణ్ణి నేనే. అలా చెప్పినందుకు నాకు హోదా పెరిగింది. నాకన్నా పని తెలిసిన మనిషికి ఉన్న పని ఊడింది.

ఆ మనిషిని నేను బాబాయ్ అనేవాణ్ణి. చుట్టం కాదు, మా కులమూ కాదు.

తొంభైల మధ్యలో డిప్లొమా కాగితం పట్టుకుని ఇబ్రహీంపట్నం నుంచి రోజూ సిటీ బస్సెక్కి బెజవాడ వచ్చేవాణ్ణి. మా డాబా మీద ఆరేసిన బట్టల మీద థర్మల్ స్టేషన్ బూడిద పడేది. అది దులుపుకుని తొడుక్కున్న చొక్కాతోనే ఆఫీసులన్నీ తిరిగాను. చివరికి పటమటలో ఒక కేబుల్ టీవీ వాళ్ల దగ్గర పని దొరికింది. పేరుకి టెక్నీషియన్ని. చేసేది స్తంభాల మీద కట్టిన యాంప్లిఫయర్ పెట్టెల్ని చూసుకోవడం. డిష్‌ల దగ్గర బయల్దేరిన బొమ్మ తీగ వెంట పోయేకొద్దీ నీరసపడుతుంది. నాలుగు వీధులకొక పెట్టె పెట్టి దానికి మళ్లీ ఓపిక తెప్పిస్తాం. అదీ మా పని.

స్తంభాలెక్కడానికి నాకు తోడిచ్చిన మనిషి బాబాయి. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. బందరు అవతల సముద్రపొడ్డున పల్లె, వేట మీద బతికిన ఇల్లు. టైఫాయిడ్ వచ్చి తగ్గాక పడవెక్కితే కళ్లు తిరిగేవట. వాటా తమ్ముళ్లకి వదిలేసి, పెళ్లాన్ని వెంటబెట్టుకుని బెజవాడ వచ్చాడు. స్తంభమెక్కితే తిరగవా అని అడిగాను మొదటిరోజు.

“పడవ కదుల్తది. స్తంభం కదల్దు గదా” అని ఎక్కేశాడు.

వలలు అల్లిన చేతులు ఆయనవి. వేళ్లు లావుగా, మొరటుగా ఉండేవి గాని సన్న తీగల్ని పట్టుకుంటే ఎంత నాజూకో. ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. ఏ పెట్టెలో ఏ స్క్రూ తిప్పితే ఏ ఇంట్లో ఏమవుతుందో మాత్రం వీధి వీధికీ చెప్పేవాడు.

కేబుల్ తీగకొక దుర్గుణముంది. కింది నంబర్ల ఛానళ్లని కొంచెమే తింటుంది, పై నంబర్లవాటిని బాగా తింటుంది. మా లైన్లో ఒక వీధి చివరి ఇల్లు రిటైరైన టీచరమ్మగారిది. ఆవిడ ఒకరోజు ఆఫీసుకే వచ్చారు.

“ఏం నాయనా, మీ ఆఖరి ఛానల్లో మనుషులు కనపడరు, చీమలు కనపడతాయి. చీమలు చూడ్డానికి మా ఇంట్లో చక్కెర డబ్బా లేదా?”

నేను వెళ్లి స్తంభం కింద నిలబడి, పైనున్న బాబాయితో గెయిన్, అంటే మొత్తం బొమ్మల బలం, పెంచమన్నాను. టీచరమ్మగారింట్లో చీమలు తగ్గాయి. స్తంభం పక్కింట్లో బొమ్మ మీద బొమ్మ ఎక్కింది. వాళ్లు బయటికొచ్చి నన్ను తిట్టారు. తగ్గించమన్నాను. మళ్లీ చీమలు. ఇలా మూడుసార్లయ్యాక బాబాయి పైనుంచి నవ్వాడు.

“అందరికీ ఒకేలా పోస్తే ఏం లాభం అబ్బాయ్? కడుపు నిండినోడికి వాంతులైతన్నాయి, ఎండినోడికి గొంతు తడవలేదు. వెనకబడేదేదో నీకు తెలుసుగా. దాన్ని ఇక్కడే కాస్త ఎత్తి పంపు. పోతా పోతా తగ్గి, అక్కడికెళ్లేసరికి అందరితో సమానమైద్ది.”

గెయిన్ స్క్రూ పక్కనే ఇంకో స్క్రూ ఉంది, పై ఛానళ్లని మాత్రమే ఎత్తేది. డిప్లొమా చదివిన నేను దాని జోలికి పోలేదు. ఆయన దాన్ని పావు చుట్టు తిప్పి దిగొచ్చాడు. టీచరమ్మగారు మా ఇద్దరికీ మజ్జిగ ఇచ్చారు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక పెద్ద కంపెనీ బందరు రోడ్డు వెంట ఫైబర్ వేసింది. బెజవాడలో మొదలై బందరు, భీమవరం మీదుగా కాకినాడ దాకా. నా డిప్లొమాకి అప్పుడు విలువొచ్చింది. ఉద్యోగమిచ్చి, హైదరాబాదులో మూడు వారాలు కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. తిరిగొచ్చాక బెజవాడ ఆటోనగర్ వెనక ఏసీ గదిలో పని, చెప్పులు బయట విప్పి వెళ్లాలి. జాయింట్లు వేసేవాళ్లు కావాలంటే బాబాయిని నేనే తీసుకెళ్లాను. ఆయనకిచ్చింది ఉద్యోగం కాదు, కాంట్రాక్టు కింద రోజుకూలి. “ముందు చేరనీ, తర్వాత చూద్దాం” అన్నాడు మేనేజరు.

ఫైబర్ అంటే మనిషి వెంట్రుకంత గాజు పోగు. తెగిన రెండు కొసల్ని శుభ్రంగా తుడిచి, నున్నగా కోసి, ఎదురెదురుగా పెడితే యంత్రం నిప్పురవ్వతో అతికిస్తుంది. అతికిన చోట వెలుగు ఎంత పోయిందో అంకె చూపిస్తుంది. మిగతా వాళ్లు ఆ అంకె ఓ మోస్తరుగా ఉంటే చాలని మూత వేసేసేవాళ్లు. బాబాయికి నచ్చకపోతే తెంపి మళ్లీ వేసేవాడు. కాలవ గట్టు మీద గొడుగు కింద, మే నెల ఎండలో, ఒక్క పోగు కోసం ఐదుసార్లు తెంపడం చూశాను. జాయింటు వేసేరోజు పొద్దున్నుంచి చుట్ట ముట్టేవాడు కాదు. చేతికి వాసనుంటే గాజుకి జిడ్డంటుకుంటుందని ఆయన నమ్మకం. దాని మీద నేను చాలా హాస్యాలాడాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఒక్క గాజు పోగులో పదహారు రకాల వెలుగులు ఒకేసారి పోతాయి. రంగులంటాం గాని కంటికి కనపడవు. ఒక్కో రంగు ఒక్కో ఖాతాదారుడిది. ఒకటి ఒక ఫోన్ కంపెనీది, ఇంకోటి ఇంకెవరిదో. ఆఖరిది, పదహారోది, కోస్తాలో చిన్న చిన్న ఊళ్లలో శాఖలున్న ఒక బ్యాంకుది. డెబ్భై ఎనభై కిలోమీటర్లు పోయేసరికి వెలుగు నీరసపడుతుంది గనక బందరులో ఒక యాంప్లిఫయర్, భీమవరంలో ఒకటి. వెలుగుని వెలుగుగానే పెంచే యంత్రాలు. కేబుల్ తీగకున్న దుర్గుణం లాంటిదే దీనికీ ఉంది. పదహారింటినీ సమానంగా పెంచదు. లోపల దాన్ని సరిచేసే జల్లెడొకటి పెట్టి ఇస్తారు గాని, ఆ జల్లెడ ఒక్క కొలతకే సరిపోతుంది. యంత్రం అంతకన్నా ఎక్కువ కష్టపడాల్సొస్తే మొదటి రంగులకి ఎక్కువ పోస్తుంది, చివరి రంగుల్ని ఎండగడుతుంది. విరుగుడు కూడా పాతదే. ఎండిపోయే రంగుని బెజవాడలోనే కాస్త ఎత్తి పంపాలి, బలిసేవాటిని తగ్గించి పంపాలి. హైదరాబాదులో దీనికి పెద్ద ఇంగ్లీషు పేరు చెప్పారు. టీచరమ్మగారి వీధిలో నేను విన్న పాఠమే.

లైను మొదలుపెట్టినప్పుడు మూడు రోజులు కూర్చుని సరిచేశాం. బెజవాడలో నేను, కాకినాడలో ఇంకో ఇంజనీరు, బందరు యాంప్లిఫయర్ గదిలో బాబాయి. రంగుల్ని విడివిడిగా చూపించే యంత్రం ఒక్కటే ఉండేది. దాన్ని జీపులో ఒళ్లో పెట్టుకుని ఊరూరా తిప్పాం. ఫోన్లో ఒకడు “పదకొండు దించు” అంటే ఇంకొకడు దించడం. మూడోరోజు సాయంత్రానికి తెర మీద పదహారు గీతలూ కోత కోసిన చేలో మోళ్లలా ఒకే ఎత్తున నిలబడ్డాయి. బాబాయి వాటిని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. నా జీవితంలో నేను గర్వపడ్డ పనులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో అదొకటి.

తర్వాత ఆ యంత్రం మేనేజరు గారి బీరువాలోకి పోయింది. ఖరీదైంది గనక తాళం. కావాలంటే ఫారం రాయాలి, కారణం రాయాలి, ఏ రంగువాళ్లకి ఎంతసేపు ఇబ్బందో ముందే ఉత్తరాలు పంపాలి, ఆ నిమిషాలన్నీ నెలాఖరు చార్టులో ఎర్రగా కనపడతాయి. ఆ చార్టు హైదరాబాదు పోతుంది. కాబట్టి రోజువారీ ఆనవాయితీ వేరేగా తయారైంది. పొద్దున తొమ్మిదిన్నరకి ప్రతి స్టేషన్ నుంచీ నాకు ఫోన్, వెంటనే నా నుంచి హైదరాబాదుకి ఫోన్. యాంప్లిఫయర్ మొహం మీద ఒక అంకె ఉంటుంది. పదహారు రంగుల బలమూ కలిపి మొత్తం. మాకు అది పదిహేడు ఉండాలి. “బందరు?” “పదిహేడండీ.” “భీమవరం?” “పదిహేడండీ.” “ఓకే, అంతా బాగుంది.” రిజిస్టర్లో రాసి సంతకం. కొన్నాళ్లకి తొమ్మిదింటికే రాసి పెట్టుకునేవాళ్లం, ఫోన్ తర్వాత వచ్చేది. ఆ యంత్రం స్వభావమే ఆ మొత్తాన్ని పదిహేడు దగ్గర పట్టి ఉంచడం. లోపల పదిహేను మందీ తాగి పదహారోవాడు ఎండిపోయినా అది పదిహేడే చూపిస్తుంది. ఇది నాకు తెలియదా? బాగా తెలుసు. మూడు వారాలు కూర్చోబెట్టి నేర్పింది అదే.

కంకిపాడు దగ్గర రోడ్డు పని మొదలైంది. పొక్లెయిన్లు మా కేబుల్‌ని ఆ యేడు నాలుగుసార్లు తెంపాయి. నాలుగుసార్లూ బాబాయే అతికించాడు. పని ఇంకా ముందుకి పోతోంది గనక ఇలా కాదని, ఆ జాయింట్లు దాటాక రోడ్డు వదిలి కాలవ గట్టు వెంట చుట్టూ తిప్పి పోయే పాత కేబుల్లోకి లైను మార్చమన్నాడు మేనేజరు. దూరం పెరిగింది. పాత గాజు, అది తినేదీ ఎక్కువే. బందరుకి చేరే వెలుగు తగ్గింది. తగ్గితే ఏం, బందరు యాంప్లిఫయర్ ఒళ్లు వంచి ఇంకాస్త ఎక్కువ పెంచింది. మొహం మీద పదిహేడు.

ఆ మార్పు జరిగిన వారంలోనే రంగుల్ని మళ్లీ సరిచేయాలి. అది నా బాధ్యత, నా ఉద్యోగ పత్రంలో రాసున్న మాట. బాబాయి కూడా గుర్తుచేశాడు. “చుట్టు తిరిగొస్తందిగా అబ్బాయ్, ఆఖరోళ్లకి అందుద్దో లేదో ఓసారి చూడరాదూ?” అన్నాడు. మేనేజరుని అడిగాను.

“మొత్తం పదిహేడు ఉందా లేదా?”

“ఉందండీ. కానీ లోపల...”

“ఉన్నప్పుడు కెలుక్కోవడం దేనికయ్యా? ఈ నెల చార్టు శుభ్రంగా ఉంది. పైగా నీ ప్రమోషన్ కాగితం ఇప్పుడే పైకి పంపాను.”

నేను రెండోసారి అడగలేదు. ఆయన మీద నెట్టేసి తప్పించుకోవాలని లేదు. వద్దన్నందుకు నాకు హాయిగానే అనిపించింది. ఫారాలు, ఉత్తరాలు, జీపు, బందరు ఉక్క, అన్నీ తప్పాయి. మర్నాడు తొమ్మిదిన్నరకి పదిహేడన్నాను. ఆ తర్వాత ఏడెనిమిది నెలలూ అన్నాను.

పదహారో రంగు ఒక్కసారిగా చావలేదు. అదే దాని దరిద్రం. చచ్చిపోతే ఎర్ర దీపం వెలిగేది, పరిగెత్తేవాళ్లం. అది రోజూ కాస్త కాస్త తప్పులు చేస్తూ పోయింది. చిన్న ఊళ్ల బ్యాంకు శాఖల్లో కంప్యూటర్లు మధ్యమధ్యలో బిగుసుకుపోయేవి. పింఛను కోసం వచ్చిన ముసలాళ్లు గంటలకొద్దీ బెంచీల మీద కూర్చున్నారని బ్యాంకాయన ఫోన్లో అరిచేవాడు. “మా వైపు అంతా బాగానే ఉందండీ, మీ మోడెం చూసుకోండి” అని నేను ఎంతో మర్యాదగా చెప్పేవాణ్ణి. ఆయన మోడెం మార్చాడు. రెండోసారీ మార్చాడు. చివరికి పెద్దవాళ్ల దాకా వెళ్లి, లైను మానుకుంటామని ఉత్తరం రాయించాడు.

అప్పుడు హైదరాబాదుకి నొప్పి తెలిసింది. విచారణకి ఒకాయన్ని పంపుతున్నామన్నారు. మా మేనేజరు ఆ సాయంత్రానికే కారణం కనిపెట్టేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా జాయింట్లదన్నాడు. “ఒకడే వేశాడు అన్నీ. చదువా ఏమన్నానా? వలలల్లుకునేవాడి చేతిలో ఫైబర్ పెడితే ఇంతే.”

అదే నెలలో పర్మనెంటు చేసేవాళ్ల జాబితా పైకి వెళ్లాల్సి ఉంది. కాంట్రాక్టు వాళ్లలో ముగ్గురి పేర్లు. మొదటి పేరు బాబాయిది. యాభై దాటితే తీసుకోరు. ఆయనకి నలభై ఎనిమిది. జాబితా మూడేళ్లకోసారి గనక ఇది పోతే ఇంకోటి లేదు. బాబాయి ఫొటో దిగొచ్చాడు, గుర్తింపు కార్డుకి కావాలంటారని. జేబులో కవరు తీసి నాకు చూపించాడు. నూనె రాసి పాపిడి తీసిన తలతో, ఎవరో బెదిరించినట్టు ఉన్నాడు ఫొటోలో. విచారణ సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది.

“నాకేం బెంగ లేదు” అన్నాడు. “నా జాయింట్ల కాయితాలు నీ కాడున్నయిగా. అయ్యి చూపెట్టు, చాలు.”

నిజమే. జాయింటు వేసిన ప్రతిసారీ, ఏ చోట ఎంత వెలుగు పోతోందో గీత గీసి చూపే మీటరుతో కొలిచి కాగితం తీసేవాళ్లం. తెగిన చోట కొత్త ముక్కేసి రెండు కొసలా అతికించాలి గనక, నాలుగుసార్లకి ఎనిమిది జాయింట్లు. ఎనిమిది కాగితాలూ నా ఫైల్లో ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ మచ్చ లేదు.

“చూపిస్తాను బాబాయ్” అన్నాను.

విచారణకొచ్చినాయన మంచివాడే. గట్టిగా కూడా మాట్లాడలేదు. అడిగినవి రెండే ప్రశ్నలు.

“బందరు అవుట్‌పుట్ ఎప్పుడైనా తగ్గిందా?”

“లేదండీ. రోజూ పదిహేడు. రిజిస్టరుందండీ.”

“అయితే యాంప్లిఫయర్ల వైపు తప్పు లేదన్నమాట. జాయింట్ల గురించి మీరేమంటారు?”

ఫైలు నా ఒళ్లోనే ఉంది. పైన రెండు చేతులూ పెట్టుకున్నాను. ఆ ఎనిమిది కాగితాలూ బల్ల మీద పరిస్తే జాయింట్లు బాగున్నాయని తేలుతుంది. బాగుంటే పదహారోది ఎందుకు ఎండిందని అడుగుతాడు. లైను మారిస్తే రంగులు సరిచేశారా అంటాడు. సరిచేయాల్సింది ఎవరంటాడు. మేనేజరు నా వంక చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పైనుంచి వచ్చిన నా ప్రమోషన్ ఉత్తరం ఇంకా ఆయన సొరుగులోనే ఉందని నాకు తెలుసు.

“నేను యాంప్లిఫయర్లే చూస్తానండీ. జాయింట్ల సంగతి నేను చెప్పలేను” అన్నాను.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను మిగతా సేపంతా. కిందికి దిగేసరికి బాబాయి టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు, టీ తాగకుండా.

“చూపెట్టావా?”

“అడగలేదు బాబాయ్.”

ఆయన నా చేతిలో ఫైలు వంక చూశాడు. “సరే” అన్నాడు. మేం కలిసి బస్టాపు దాకా నడవలేదు ఆరోజు. ఆయన అటు, నేను ఇటు.

పై వారం కంకిపాడులో బాబాయి ఆఖరున వేసిన జాయింటు తెంపి కొత్తది వేయడానికి ఏలూరు నుంచి ఇంకో కాంట్రాక్టరు మనుషుల్ని తెచ్చారు. ఎలాగూ లైను ఆపాలి గనక ఖాతాదారులందరికీ ఉత్తరాలు పోయాయి. విచారణాయన పుణ్యమా అని బీరువా తాళం తీసి, రంగులు చూసే యంత్రం కూడా బయటపెట్టారు. నాకింక నిద్రపట్టని పరిస్థితి. బాబాయికి చేసిన దానికి ఏం చేసినా సరిపోదు, కనీసం ఆ ముసలాళ్ల పింఛనన్నా కదులుతుందని యంత్రం జీపులో వేసుకుని బందరు పోయాను. తెర మీద చూశాను. మొదటి రంగులు ఏపుగా లేచున్నాయి. అక్కణ్ణుంచి గట్టు దిగినట్టు దిగుతూ, పదహారోది పొట్టిగా, గడ్డిపోచలా ఉంది. ఏడెనిమిది నెలలుగా నేను పదిహేడు పదిహేడని చెప్పింది దీన్నే. బెజవాడలో ఉన్నవాడికి ఫోన్ చేసి ఒక్కొక్కటే చెప్పాను. ఒకటి దించు, రెండు దించు, పదహారు ఎత్తు, ఇంకా ఎత్తు. రెండు గంటలు కూడా పట్టలేదు. రెండే రెండు గంటల పని.

కంకిపాడులో కొత్త జాయింటు వేసినవాళ్లు కొలిచిన కాగితం సాయంత్రం నా చేతికొచ్చింది. బాబాయి వేసినదానికన్నా నాసిగా ఉంది. ఏం చేసేది, దాన్నీ అదే ఫైల్లో పెట్టాను.

మర్నాటి నుంచి బ్యాంకు లైను నిలకడగా నడిచింది. వారం చూశారు, రెండు వారాలు చూశారు. మేనేజరు ఆఫీసు నడిమధ్యన నిలబడి అందరికీ వినపడేలా చెప్పాడు. “చూశారా? వాడి జాయింటు తీసి పారేయగానే లైను ఎలా బాగుపడిందో? నేను మొదట్నుంచీ చెప్తున్నా.” హైదరాబాదుకి రాసిన రిపోర్టులో కూడా అదే మాట. లోపమున్న జాయింటు తొలగించిన తర్వాత పదహారో రంగు పూర్తిగా కోలుకున్నది. కింద సాక్షిగా నా సంతకం. అప్పటిదాకా బాబాయి మీద ఉన్నది అనుమానం మాత్రమే. నేను బందరులో చేసిన రెండు గంటల మంచి పని దాన్ని రుజువు చేసి పెట్టింది. జాబితాలో ఆయన పేరు కొట్టేశారు. కాంట్రాక్టరుకి కూడా రాశారు, ఈ మనిషిని మా లైన్ల మీదికి పంపొద్దని. ఈ చుట్టుపక్కల ఫైబర్ పని చేసేవాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. నెల తిరిగేసరికి ఆయన్ని పిలిచేవాడు లేడు.

నాకు ప్రమోషనొచ్చింది. స్వీట్లు పంచాను కూడా. పంచకపోతే బాగుండదు గదా.

నాలుగైదు నెలల తర్వాత బందరు వెళ్లాను, యాంప్లిఫయర్ ఫ్యాన్ మార్చడానికి. పని అయ్యాక భోజనానికని నడుస్తుంటే చేపల మార్కెట్ బయట ఐసు దిమ్మలు దించుతూ బాబాయి కనపడ్డాడు. తప్పుకుందామనుకున్నాను. నన్ను ముందే చూశాడు. తలకి కట్టిన తువ్వాలు విప్పి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బెజవాడలో ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికే వచ్చేశారట. చిన్న తమ్ముడి దగ్గర కొట్టంలో ఉంటున్నారట.

“లైను ఎట్టా ఉంది?”

“బాగుంది బాబాయ్.”

“బ్యాంకోళ్లది?”

“అదీ బాగుంది.”

“మజ్జెలో మళ్లీ ఏం రాలేదా? ఒక్కసారి గూడా?”

“రాలేదు.”

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. చుట్టూ మేనేజరు లేడు, హైదరాబాదాయన లేడు. నా ప్రమోషన్ వచ్చేసింది, దాన్ని ఇంకెవరూ వెనక్కి తీసుకోరు. నిజం చెప్పడానికి నాకు పైసా ఖర్చు లేదు. నోరు తెరిస్తే చాలు.

“అయితే నాదే” అన్నాడు బాబాయి. “నేను ఒప్పుకోలేదు అబ్బాయ్ ఇన్నాళ్లూ. ఆ కంకిపాడు జాయింటు ఎన్నిసార్లు తల్చుకున్నానో. తుడిచాను, కోశాను, యంత్రంలో పెట్టాను, ఎక్కడ తప్పు పోయిందో దొరకలా. దొరక్క నిన్ను అనుమానించాను. నువ్వేదో దాచావని మా ఇంటిదానితో గూడా అన్నా. మా ఉసురు నీకు తగుల్తదని అంది అది.” గొంతు తగ్గించాడు. “అది తీసేశాక లైను బాగైందంటే ఇంకేముంది? చెయ్యి పోయింది నాది, తెలుసుకోలేకపోయాను. నా తప్పు పెట్టుకుని నిన్ను ఆడిపోసుకున్నా. మనసులో పెట్టుకోమాక.”

నేను ఆయన చేతులు చూశాను. ఐసుకి తెల్లగా పాలిపోయి, వేళ్ల కొసలు ముడతలు పడి ఉన్నాయి.

“పర్లేదు బాబాయ్” అన్నాను.

ఆయన మొహం తేటపడింది. ఉండమని లోపలికి పోయి, నాలుగు చందువలు ఏరి, ఐసు ముక్కలేసి, కాగితంలో చుట్టి పట్టుకొచ్చాడు. వద్దన్నాను. “తీస్కో, తప్పు చేసినోణ్ణి, ఈ మాత్రం ఇవ్వనీ” అని నా చేతిలో పెట్టాడు. సాయంత్రం బస్సులో బెజవాడ దాకా అవి నా ఒళ్లోనే ఉన్నాయి. ఇంట్లో ఇస్తే పులుసు పెట్టారు. చేపలు బాగున్నాయన్నారందరూ. నేను కూడా తిన్నాను.